బ్రౌజర్ల వేగం, భద్రత: రెండింటి ఖర్చూ ఒకే జేబులోంచి

నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో ఉన్న మా జిరాక్స్, ఇంటర్నెట్ సెంటర్‌కు డిగ్రీ ప్రవేశాల రోజుల్లో పొద్దున తొమ్మిది కాకముందే జనం వస్తారు. అలాంటి ఒక రోజు దేవరకొండ వైపు తండా నుంచి ఒకమ్మాయి వచ్చింది. దరఖాస్తు తన ఫోన్లోనే, తన చేతులతోనే పూర్తి చేయాలని ఆమె పట్టుదల. ఇంటర్ హాల్‌టికెట్ నంబరు, కులం, ఆదాయం సర్టిఫికెట్ల నంబర్లు అన్నీ ఎక్కించింది. ఓటీపీ వచ్చింది. చూసుకుందామని మెసేజ్‌లలోకి వెళ్లి తిరిగి వచ్చేసరికి పేజీ తెల్లబోయి, మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంది. రాసినదంతా పోయింది. అలా మూడుసార్లు. మూడోసారి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "అన్నా, వేరే బ్రౌజర్ వేసుకుంటే ఫోను స్పీడుగా ఉంటుందా?" అని అడిగింది.

ఏ బ్రౌజర్ వేగం, ఏది భద్రం అని రోజుకు ఇద్దరైనా నన్ను అడుగుతారు. ఒక్క ముక్కలో జవాబు చెప్పి పంపవచ్చు. కానీ ఆ ఒక్క ముక్క చాలాసార్లు తప్పవుతుంది. ఎందుకంటే వేగం, భద్రత అన్నవి విడివిడిగా మార్కులు వేయదగిన రెండు సబ్జెక్టులు కావు. బ్రౌజర్ ఎక్కడెక్కడ వేగం సంపాదించుకుందో సరిగ్గా అక్కడే దానికి కన్నం పడే అవకాశం ఎక్కువ. ఎక్కడెక్కడ గోడ కట్టుకుందో అక్కడ మెమరీ ఖర్చవుతుంది. ఈ ముడి విప్పితే తప్ప ఆ అమ్మాయికి సరైన జవాబు దొరకదు.

ముందు ఆమె ఫోను సంగతి. దాంట్లో ఉన్నది 2 జీబీ ర్యామ్, అంటే యాప్‌లు నడుస్తున్నప్పుడు వాడుకునే మెమరీ. అందులో ఆండ్రాయిడ్‌కు పోయేది పోగా మిగిలిన కాస్త చోటును వాట్సాప్, కీబోర్డు, బ్రౌజర్ పంచుకోవాలి. మెసేజ్‌ల యాప్ ముందుకు రాగానే చోటు చాలక ఆండ్రాయిడ్ వెనక ఉన్న పేజీని మూసేసింది. తిరిగి వచ్చినప్పుడు బ్రౌజర్ ఆ పేజీని సర్వర్ నుంచి మళ్లీ తెచ్చుకుంది. పెట్టెల్లో ఆమె నింపిన వివరాలు ఎక్కడా భద్రమై లేవు కనుక ఖాళీ పేజీ వచ్చింది. ఇందులో బ్రౌజర్ పరుగుకు ఏ సంబంధమూ లేదు. ప్రపంచంలోకెల్లా వేగమైన బ్రౌజర్ వేసినా ఆ ఫోన్లో అదే జరిగేది.

వేగం అని మనం ఒకే మాట వాడుతున్నాం కానీ దాని వెనక నాలుగు వేర్వేరు ఆలస్యాలు ఉన్నాయి. సిగ్నల్ ఎంత బాగుంది అనేది ఒకటి. పేజీ ఎంత బరువుంది, ఎన్ని ప్రకటనలు మోసుకొస్తోంది అనేది రెండోది. వచ్చిన సరుకును బ్రౌజర్ ఎంత చురుగ్గా విప్పి తెరమీద పేరుస్తుంది అనేది మూడోది. అదంతా పట్టేంత చోటు ఫోన్లో ఉందా అనేది నాలుగోది. బ్రౌజర్ కంపెనీలు పోటీపడి చెప్పుకునేది ఈ మూడోదాని గురించే. అచ్చంపేట అవతల నల్లమల అంచున ఉన్న ఊళ్లో మొదటిదే అసలు సమస్య. మా సెంటర్‌కు వచ్చే చాలా ఫోన్లలో నాలుగోది.

ఆ మూడోదాన్నే పోల్చుదామన్నా, పోటీలో ఉన్నవాళ్లు కనిపించినంత మంది లేరు. పేజీని విప్పి పేర్చే యంత్రాన్ని ఇంజిన్ అంటారు. ఇవాళ ఎక్కువ మంది వాడే బ్రౌజర్లన్నీ నడిచేది మూడు ఇంజిన్ల మీదే: గూగుల్ క్రోమ్‌లోని బ్లింక్, ఆపిల్ సఫారీలోని వెబ్‌కిట్, మొజిల్లా ఫైర్‌ఫాక్స్‌లోని గెకో. వీటిలో బ్లింక్ 2013లో వెబ్‌కిట్ నుంచే వేరుపడింది. ఒపేరా అదే ఏడాది సొంత ఇంజిన్ వదిలేసి అటు చేరింది. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2020 జనవరిలో చేరింది. బ్రేవ్, వివాల్డి, శాంసంగ్ ఇంటర్నెట్ కూడా బ్లింక్ మీద నడిచేవే. కేంద్ర ప్రభుత్వం పెట్టిన స్వదేశీ బ్రౌజర్ పోటీలో 2025లో మొదటి బహుమతి గెలుచుకున్న జోహో సంస్థ ఉలా కూడా ఆ కుదురుదే. ఒకే ఛాసిస్ మీద వేర్వేరు షెడ్లలో కట్టిన లారీ బాడీల వంటివి ఇవన్నీ. రంగు వేరు, క్యాబిన్ వేరు, సామాను పెట్టుకునే అరలు వేరు. ఎత్తు ఎక్కేటప్పుడు లాగే బలం ఒక్కటే. ఐఫోన్లో పరిస్థితి ఇంకా విచిత్రం. అక్కడ క్రోమ్ వేసుకున్నా, ఫైర్‌ఫాక్స్ వేసుకున్నా లోపల నడిచేది వెబ్‌కిట్టే. ఆపిల్ నియమం అది. 2024లో యూరోపియన్ యూనియన్ దేశాలకు దాన్ని సడలించింది.

అందుకని క్రోమ్ కంటే ఎడ్జ్ ఇంత శాతం వేగం అని ఎవరైనా చెబితే నేను పెద్దగా పట్టించుకోను. ఆ అంకెలు ఎక్కువగా స్పీడోమీటర్ అనే పరీక్ష నుంచి వస్తాయి. పరీక్ష మంచిదే. 2024 మార్చిలో వచ్చిన దాని 3.0 రూపాన్ని ఆపిల్, గూగుల్, మొజిల్లా, మైక్రోసాఫ్ట్ కలిసి కూర్చుని తయారుచేశాయి. పోటీదారులంతా ఒకే కొలబద్దకు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అది చేసేదేమిటంటే, పనుల జాబితా వంటి చిన్న యాప్‌లు తెరిచి, అందులో పద్దులు చేర్చి, కొట్టేసి, పటాలు గీసి, మనిషి చేసే పనులనే చకచకా చేయించి కాలం కొలుస్తుంది. కానీ సిగ్నల్ బాగా లేనప్పుడు ఏమవుతుందో, ఫోను నిండిపోయినప్పుడు ఏమవుతుందో, ప్రకటనలు కమ్ముకున్నప్పుడు ఏమవుతుందో అది చెప్పదు.

ప్రకటనల దగ్గర మాత్రం బ్రౌజర్లకు నిజమైన తేడా ఉంది. ఒక వార్తా పేజీ తెరిస్తే వార్త నాలుగు పేరాలు. దాని వెంట వచ్చే ప్రకటనలు, మనం ఏం చూస్తున్నామో కనిపెట్టే ట్రాకర్లు, వాటంతటవే మొదలయ్యే వీడియోలు దానికి పదింతలు. వాటిని గుమ్మంలోనే ఆపేసే బ్రౌజర్ ఏ ఇంజిన్‌దైనా వేగంగా ఉన్నట్టే ఉంటుంది, డేటా కూడా మిగులుతుంది. బ్రేవ్‌లో ఆ ఏర్పాటు మొదటి నుంచే ఉంది. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో ఎక్స్‌టెన్షన్‌గా, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న సాధనంగా, చేర్చుకోవచ్చు. 2023 డిసెంబర్ నుంచి అక్కడ వందల ఎక్స్‌టెన్షన్లు అందుబాటులోకి వచ్చాయి. ఫోన్లోని క్రోమ్‌లో ఆ వీలు లేదు. కంప్యూటర్ మీద ఉన్నా, గూగుల్ ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చడంతో ప్రకటనలను ఆపడానికి అందరూ నమ్ముకున్న పాత యూబ్లాక్ ఆరిజిన్ క్రోమ్‌లో నడవకుండా పోయింది. ప్రకటనలే ఆదాయమైన సంస్థ ప్రకటనలను ఆపే సాధనానికి హద్దులు గీయడం నాకు నచ్చలేదు. ఆ మార్పు భద్రత కోసమే అన్నది గూగుల్ వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. 'అన్ని సైట్లలోని సమాచారాన్నీ చదవడానికి' అనుమతి అడిగే ఎక్స్‌టెన్షన్ చెడ్డవాళ్ల చేతిలో పడితే మన బ్యాంకు పేజీ కూడా వాళ్ల ముందు తెరిచి పెట్టినట్టే. తెలిసినది ఒక్కటి చాలు, పది వద్దు.

టూజీ రోజులు గుర్తున్నవాళ్లకు యూసీ బ్రౌజర్, ఒపేరా మినీ గుర్తుండే ఉంటాయి. మహబూబ్‌నగర్ నుంచి బొంబాయి, పుణె వలస వెళ్లినవాళ్ల చేతుల్లోని చిన్న ఫోన్లలో కూడా అవి పరుగులు తీసేవి. రహస్యం ఏమిటంటే పేజీ నేరుగా ఫోనుకు రాదు. ముందు ఆ కంపెనీ సర్వర్‌కు వెళ్లి, అక్కడ కుదించుకుని, చిన్న మూటగా మన దగ్గరకు వస్తుంది. వేగం నిజమే. కానీ మధ్యలో మూట విప్పి కట్టినవాడు ఉన్నాడు. ఒపేరా మినీని డేటా బాగా ఆదా చేసే పద్ధతిలో పెడితే ఇప్పటికీ అంతే: మన ఫోనుకూ బ్యాంకు సర్వర్‌కూ మధ్య రహస్యం పూర్తిగా రహస్యం కాదు. పాటల సాహిత్యం చదువుకోవడానికి వాడండి, డబ్బు వ్యవహారానికి వద్దు. యూసీ బ్రౌజర్‌ను 2020 జూన్‌లో మరో 58 యాప్‌లతో పాటు ప్రభుత్వం నిషేధించింది.

ఇప్పుడు అసలు ముడి దగ్గరకు వద్దాం. 1995లో నెట్‌స్కేప్‌లో పుట్టిన జావాస్క్రిప్ట్ అనే భాషే పేజీకి ప్రాణం పోస్తుంది. బటన్ నొక్కితే పని జరిగేది దానివల్లే. మొదట్లో బ్రౌజర్ దాన్ని ఒక్కో వాక్యం చదువుకుంటూ, అర్థం చేసుకుంటూ నడిపేది. 2008లో క్రోమ్ వచ్చినప్పుడు అందరినీ ఆశ్చర్యపరిచింది దాని పరుగు. ఆ పరుగుకు మూలం జిట్ అనే పద్ధతి. పేజీ నడుస్తుండగానే అందులోని జావాస్క్రిప్ట్‌ను యంత్రానికి నేరుగా అర్థమయ్యే భాషలోకి మార్చేయడం అందులోని సూత్రం. ఇది ఎలా పనిచేస్తుందో చెప్పడానికి నాకు మిర్యాలగూడ దారిలో కనిపించే ధాన్యం కొనుగోలు కేంద్రమే గుర్తొస్తుంది. బస్తా 40 కిలోలు. మొదటి వంద బస్తాలూ కాంటా ఎక్కాయి. అన్నీ వడ్లే, అన్నీ 40 కిలోలే. ఇక ప్రతి బస్తానూ తూచనక్కర్లేదని లెక్క రాసే మనిషి అనుకుంటే లారీ తొందరగా నిండుతుంది. ఆయన చూడడం లేదని కనిపెట్టినవాడు నూట ఒకటో బస్తాలో ఇసుక నింపి తెస్తే?

జిట్ చేసేది దాదాపు ఇదే. ఈ చోట ఇంతవరకూ అంకెలే వచ్చాయి, ఇక ముందూ అంకెలే వస్తాయి అని లెక్కగట్టి, అనవసరం అనిపించిన తనిఖీలు తీసేసి పరుగు తీస్తుంది. ఆ లెక్క ఎప్పుడూ గుడ్డిది కాదు, చాలా తెలివైనది. కానీ ఒక్క తనిఖీని పొరపాటున తీసేసినా, అంకె ఉండాల్సిన చోట మరొకటి పెట్టి బ్రౌజర్ మెమరీలోకి చెయ్యి దూర్చే మార్గం దొరుకుతుంది. 2019 తర్వాత క్రోమ్ జావాస్క్రిప్ట్ యంత్రంలో బయటపడ్డ భద్రతా లోపాల్లో సుమారు 45 శాతం ఈ జిట్‌కు సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ 2021లో లెక్క చెప్పింది. ఎడ్జ్‌లో జిట్‌ను ఆపేసి కూడా చూసింది. స్పీడోమీటర్ 2.0లో మార్కులు 58 శాతం దాకా పడిపోయాయి. అయినా వాడేవాళ్లు మాత్రం తేడాను అరుదుగానే గమనించారు. ఈ ఒక్క ప్రయోగం చాలు, పరీక్షలో వచ్చే మార్కులకూ మన అనుభవానికీ ఎంత దూరం ఉందో తెలియడానికి. ఎడ్జ్ సెట్టింగుల్లో ఇప్పుడు భద్రతను పెంచుకునే మీట ఉంది. అది చేసే పనుల్లో ముఖ్యమైనది కొత్త సైట్లలో జిట్‌ను ఆపడమే. ఆపిల్ 2022లో తెచ్చిన లాక్‌డౌన్ మోడ్ కూడా జిట్‌ను ఆపేస్తుంది. అది పాత్రికేయులు, ఉద్యమకారుల వంటి, ప్రత్యేకంగా గురిపెట్టబడే మనుషుల కోసం.

రెండో ఖర్చు గోడలది. ఒక ట్యాబ్‌లో బ్యాంకు, మరో ట్యాబ్‌లో ఉచిత సినిమాల సైటు తెరిచి ఉంటే ఆ రెండోది మొదటిదానిలోకి తొంగిచూడకూడదు. 2018 జనవరిలో స్పెక్టర్ అనే లోపం బయటపడింది. అది బ్రౌజర్‌ది కాదు, కంప్యూటర్ ప్రాసెసర్లది. ప్రాసెసర్ కూడా ముందే ఊహించి పని మొదలుపెట్టి వేగం సంపాదిస్తుంది. ఆ ఊహ వదిలిన ఆనవాళ్లను పట్టుకుని పక్కవాళ్ల రహస్యం చదవవచ్చని పరిశోధకులు చూపించారు. వేగం తెచ్చిన చేటు ఇక్కడా అదే. దానికి విరుగుడుగా క్రోమ్ అదే ఏడాది కంప్యూటర్లలో ఒక్కో సైటునూ వేరే గదిలో, అంటే వేరే ప్రాసెస్‌లో పెట్టడం మొదలుపెట్టింది. మెమరీ వాడకం 10 శాతానికి పైగా పెరిగింది. ఫైర్‌ఫాక్స్ అదే గోడను 2021 చివరికి కట్టుకోగలిగింది. క్రోమ్ మెమరీ తినేస్తోందని తిట్టుకునేవాళ్లు ఆ తిండిలో కొంత ఈ గోడలకే పోతోందని గమనించాలి.

ఫోన్ల దగ్గరకు వచ్చేసరికి అంత చోటు లేదు. 2019లో ఆండ్రాయిడ్ క్రోమ్‌కు ఈ రక్షణ తెచ్చినప్పుడు గూగుల్ ఒక గీత గీసింది: కనీసం 2 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్లకే, అందులోనూ పాస్‌వర్డ్ ఇచ్చి ప్రవేశించే సైట్లకే. ఇది నన్ను బాధపెట్టే విషయం. ఖరీదైన ఫోను కొన్నవాడి బ్యాంకు ఖాతాకూ, ఉపాధి హామీ కూలి డబ్బులతో ఫోను కొన్న తల్లి ఖాతాకూ చుట్టూ కట్టిన గోడ ఒకే ఎత్తులో లేదు. ఇంజినీర్లను తప్పుపట్టలేం, లేని మెమరీని ఎక్కడి నుంచి తెస్తారు? కానీ ఫలానా బ్రౌజర్ భద్రం అని పోలికల్లో రాసేటప్పుడు ఎవరి ఫోన్లో అన్న ప్రశ్న తప్పకుండా ఉండాలి.

మూడోది, బ్రౌజర్‌ను రాసిన భాష. క్రోమ్‌లోని తీవ్రమైన లోపాల్లో సుమారు 70 శాతం మెమరీని జాగ్రత్తగా వాడకపోవడం వల్ల వచ్చినవేనని, క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం కోడ్‌ను రాసే బృందమే 2020లో ప్రకటించింది. సీ ప్లస్ ప్లస్ అనే భాష వేగాన్ని ఇస్తుంది, జాగ్రత్తను మాత్రం రాసేవాడికే వదిలేస్తుంది. ఆ జాగ్రత్తను భాషే తీసుకునేలా రస్ట్ అనే కొత్త భాషను పెంచింది మొజిల్లా. 2017 నవంబర్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57లో పేజీకి రంగులు, రూపం దిద్దే భాగాన్ని రస్ట్‌తో తిరగరాశారు. అది వేగంగానూ ఉంది, గట్టిగానూ ఉంది. రెండూ కలిసి పెరిగిన అరుదైన సందర్భం అది.

అక్షరాన్ని తెరమీద గీయడం కూడా ఎంత ప్రమాదకరమైన పనో మన భాషే ఒకసారి లోకానికి చూపించింది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఒక తెలుగు అక్షరం అందితే చాలు, ఆ సందేశం తెరిచిన యాప్ మూతపడిపోయేది. ఆ అక్షరం జ్ఞా. మామూలుగా 'జ్ఞానం' అని రాస్తే ఏమీ కాదు. జకు ఞ వొత్తు ఇచ్చి, దీర్ఘానికి ముందు కంటికి కనిపించని విభజన గుర్తు ఒకటి చేరితే మాత్రం, అక్షరాలను అమర్చే ఆపిల్ యంత్రాంగం తడబడి కూలిపోయేది. ఆ యంత్రాంగం ఫోను మొత్తానికీ ఒక్కటే కనుక మెసేజ్‌ల యాప్‌తో పాటు బ్రౌజర్ కూడా మూతపడేది. ఆపిల్ కొద్ది రోజుల్లోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. వొత్తులు, గుణింతాలు ఉన్న మన లిపిని అమర్చడం రోమన్ అక్షరాలను వరసగా పేర్చినంత తేలిక కాదు. ఆ కష్టం నుంచి పుట్టే లోపాలు మన భాష చదివేవాళ్లకే ముందు తగులుతాయి.

నాలుగో తేడా ఎవరూ పెద్దగా చెప్పుకోరు: బ్రౌజర్ ఎవరిని నమ్ముతుంది? చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే సైటు తెరిచినప్పుడు అది ఫలానా వారిదేనని ఒక సంస్థ సర్టిఫికెట్ ఇస్తుంది. 2014 జూలైలో మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సర్టిఫికెట్ల వ్యవస్థ నుంచి గూగుల్ సైట్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు వెలువడినట్టు గూగుల్ కనిపెట్టింది. వాటికి పైన ఉన్న భారత ధ్రువీకరణ అధికారిని విండోస్ నమ్ముతుంది కనుక, ఎవరిని నమ్మాలో చెప్పే విండోస్ జాబితా మీద ఆధారపడే బ్రౌజర్లు వాటిని నమ్మే ప్రమాదం వచ్చింది. ఫైర్‌ఫాక్స్‌కు తన సొంత జాబితా ఉంది, అందులో ఆ పేరు లేదు. కనుక దానికి చీమ కుట్టలేదు. తర్వాత 2022 నుంచి క్రోమ్ కూడా సొంత జాబితా పెట్టుకుంది.

ఇదే సందర్భంలో తాళం గుర్తు మాట. చిరునామా పక్కన తాళం ఉంటే సైటు మంచిదే అని సెంటర్లో చాలామంది ధైర్యంగా చెబుతారు. దారిలో ఎవరూ చదవరు అన్నదే దాని అర్థం. అవతల ఉన్నది ఎవరో అది చెప్పదు. ఉచితంగా సర్టిఫికెట్లు దొరికే ఈ రోజుల్లో ప్రభుత్వ సేవల పేరును పోలిన నకిలీ సైటుకు కూడా తాళం ఉంటుంది. జనం తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే 2023లో క్రోమ్ ఆ గుర్తును తీసేసింది.

ఇన్ని తేడాలు చెప్పాక కూడా, నా లెక్కలో వీటన్నిటినీ మించినది ఒకటుంది: మీ ఫోన్లో ఉన్న బ్రౌజర్ వయసెంత? క్రోమ్ 2023 ఆగస్టు నుంచి వారం వారం భద్రతా సవరణలు పంపుతోంది. క్రోమియం కోడ్ అందరికీ కనిపిస్తుంది కనుక, ఎక్కడ మరమ్మతు చేశారో చూసి దొంగ కూడా ఎక్కడ కన్నం ఉండేదో తెలుసుకుంటాడు. మరమ్మతు బయటికొచ్చిన రోజుకూ అది మీ ఫోనుకు చేరిన రోజుకూ మధ్య ఉన్నదే అసలు ప్రమాద కాలం. క్రోమియం మీద కట్టిన ఇతర బ్రౌజర్లను పోల్చాలంటే ఇదే కొలబద్ద: క్రోమ్‌లో వచ్చిన సవరణను ఎన్ని రోజుల్లో అందిస్తున్నారు?

మా సెంటర్లో రెండు పాత కంప్యూటర్లు విండోస్ 7తో ఉండేవి. 2023 జనవరిలో వచ్చిన క్రోమ్ 109తో వాటికి క్రోమ్ సవరణలు ఆగిపోయాయి. తెరవగానే ఎప్పటిలాగే చకచకా పనిచేసేవి కనుక ఎవరికీ అనుమానం రాదు. ఫైర్‌ఫాక్స్ 115 మాత్రం విండోస్ 7కు ఆ తర్వాత కూడా భద్రతా సవరణలు ఇస్తూ వచ్చింది. దాంతో కొన్నాళ్లు నెట్టుకొచ్చి, చివరికి ఒకదానిలో విండోస్ బదులు లైనక్స్ వేసి, రెండోదాన్ని ప్రింటింగ్‌కు మాత్రమే ఉంచాం. ఆండ్రాయిడ్ 8, 9 ఉన్న ఫోన్లకు 2025లో వచ్చిన క్రోమ్ 138తో అదే గతి పట్టింది. ఆ ఫోన్లు ఊళ్లలో ఇంకా ఎన్నో చేతుల్లో ఉన్నాయి.

నలుగురూ వాడే కంప్యూటర్లో బ్రౌజర్ పేరు కంటే అలవాటు ముఖ్యం. ఒక రైతు తన పాసు పుస్తకం వివరాలు చూసుకుని వెళ్లాక, వెనక కూర్చున్న మనిషికి అదే ఖాతా తెరిచి కనిపించడం నేను కళ్లారా చూశాను. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమంటారా అని బ్రౌజర్ అడిగితే ఆయన 'సరే' నొక్కారు, అంతే. ఆ రోజు నుంచి మా దగ్గర ప్రతి కంప్యూటర్లోనూ అతిథి విండో మాత్రమే తెరుస్తాం. మూసేయగానే లోపలి ఆనవాళ్లు చెరిగిపోతాయి. డౌన్‌లోడ్ చేసిన ఆధార్ కాపీ మాత్రం ఫోల్డర్‌లో అలాగే ఉంటుంది. దాన్ని చేత్తో తీసేయాల్సిందే.

ఆ అమ్మాయి ప్రశ్నకు నేను బ్రౌజర్ పేరు చెప్పలేదు. ఓటీపీ వచ్చినప్పుడు మెసేజ్‌లలోకి వెళ్లొద్దు, తెర పైభాగంలో మెరిసే నోటిఫికేషన్లోనే అంకెలు చూసి కాగితం మీద రాసుకో అని చెప్పాను. వెనక ఉన్న యాప్‌లన్నీ మూయించాను. నాలుగోసారి దరఖాస్తు చేరింది. రసీదు ప్రింటు తీసి ఇస్తూ ప్లే స్టోర్ చూస్తే బ్రౌజర్ అప్‌డేట్ ఏడు నెలలుగా ఆగి ఉంది, ఫోన్ స్టోరేజీలో చోటు లేదని. వాట్సాప్‌లో పేరుకున్న వీడియోలను ఇద్దరం కలిసి ఒక్కొక్కటిగా తీసేశాం. మా వైఫై ఇచ్చాను. దేవరకొండ బస్సుకు ఇంకా అరగంట టైముంది. అప్‌డేట్ గీత చివరికంటా నిండేదాకా ఆమె బయట బెంచీ మీద, ఫోనును రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది.